గోస్తనీ గట్టున నెగడు

ఆ గోగుపుల్లలు నెగడులో వెయ్యకండర్రా. అంటుకున్నంత తొందరగానూ ఆరిపోతాయవి. రేపు తెల్లారగట్ట భోగిమంట రాజెయ్యడానికి దాచమని మీ మామ్మ నాలుగు రోజుల్నించీ చెప్తోంది. ఆ చింతమొద్దు ఇటు తొయ్యండి. అదీ, అలాగ. అది పట్టుకుందంటే తెల్లవార్లూ ఉంటుంది. దుప్పటి సరిగ్గా కప్పుకో నాన్నా, ఏటిగాలి మొదలైంది.

ఆ గుప్పెడు పుల్లల కోసం మీ నాన్న మూడు ఊళ్ళు తిరిగేడు. నా చిన్నతనంలో ప్రతి ఇంటి వెనకా గోడలాగ పేర్చి ఉండేవి. దడి కట్టాలన్నా గోగుపుల్లే, పొయ్యి అంటించాలన్నా గోగుపుల్లే, ఆనపపాదు పాకించాలన్నా గోగుపుల్లే. నార ఒలిచేసేక మిగిలే పుల్ల అది. ఆ నార సంగతి చెప్పమంటారా? చెప్తాను గాని, నార సంగతి చెప్తే ఏటి సంగతీ చెప్పాలి. నీళ్ళు లేకపోతే నార రాదు.

తొలకరికి గోగు విత్తేవాళ్ళం. మనం పచ్చడి చేసుకునే గోంగూర చుట్టమే అది. మనిషికి రెండింతలు ఎత్తు పెరిగేది. పువ్వు వచ్చే వేళకి కోసేసి, కట్టలు కట్టి, ఆకు రాలేదాకా చేలోనే నిలబెట్టి, తరవాత బళ్ళ మీద ఏటికి తోలేవాళ్ళం. మడుగుల్లో కట్టలు పరిచి, పైన మట్టిపెడ్డలూ రాళ్ళూ ఎత్తి ముంచేసేవారు. పది పదిహేను రోజులకి తొక్క కుళ్ళి, వేలుతో లాగితే ఊడొచ్చేది. అప్పుడు మొలలోతు నీళ్ళలో దిగి, ఒక్కొక్క కాడా మొదట్లో చితగ్గొట్టి, నార ఒలిచి, నీళ్ళ మీద బాది బాది ఉతికి, వెదురు దండేల మీద ఆరేసేవారు. ఆరిన నార ఎండలో బంగారం రంగులో మెరిసేది. కంపు మాత్రం అంతా ఇంతా కాదు. మా అమ్మ చీరకి ఆ వాసన సంక్రాంతి దాకా పోయేది కాదు. కాళ్ళూ చేతులూ పాచిపోయి తెల్లగా అయిపోయేవి. రాత్రి పసుపూ నూనే రాసుకుని, పొద్దున్నే మళ్ళీ నీళ్ళలోకి దిగేది.

ఆ పదిహేను రోజులూ ఏరు నల్లబడిపోయేది. చేపలు పొట్టలు తిరగేసి తేలేవి. పాత రోజుల్లో ఏరు అద్దంలా ఉండేదని ఎవరైనా చెప్తే పూర్తిగా నమ్మకండి. మేమూ పాడుచేసేం. కాని మళ్ళీ నీళ్ళొచ్చేవి, కడిగేసేవి. ఇప్పుడు కడగడానికి నీళ్ళేవి?

ఆ నారకి లండను బజారులో ఏం పేరో తెలుసా? బిమ్లీ జూట్. బిమ్లీ అంటే ఇంకేదో దేశం కాదు, మన భీమిలి. భీమునిపట్నాన్ని తెల్లవాళ్ళు బిమ్లీపటాం అనేవారు. ఈ రేవు నుంచి ఓడెక్కింది కాబట్టి, ఎవరి చేలో పండినా, ఏ గెడ్డలో నానినా ఆ నారకి ఈ రేవు పేరే. ఇప్పటికీ పంటల పుస్తకాల్లో గోగుకి ఆ పేరు కనబడుతుంది. మా అమ్మకి చేవ్రాలు చెయ్యడం రాదు. ఆమె ఒలిచిన నార పేరు మాత్రం దేశాలన్నీ తిరిగింది.

చిట్టివలసలో ఏటి ఒడ్డునే జూట్ మిల్లు ఉండేది, తగరపువలస పక్కన. వెనకటి శతాబ్దంలోదా అంటే, కాదు, అంతకి ముందుదే, పందొమ్మిదో శతాబ్దంలోది. సంచులకీ తాళ్ళకీ నార అక్కడికి బళ్ళలో పోయేది. ఎన్ని వందల కుటుంబాలు ఆ మిల్లు కూత విని లేచేవో. 2009లో అది మూతపడింది. అప్పటికే చేలల్లో గోగు పల్చబడిపోయింది, సంచులన్నీ ప్లాస్టిక్కువైపోయేయి. మీ నాన్న మూడు ఊళ్ళు ఎందుకు తిరిగేడో ఇప్పుడు తెలిసిందా?

ఏటి, భీమిలిలో ఓడలు ఎక్కడ ఆగేవనా? ఒడ్డుకి రావు తల్లీ. అక్కడ లోతు చాలదు, కెరటం ఊరుకోదు. ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. సరుకంతా మసూలా పడవల్లో చేరేసేవారు. ఆ పడవకి మేకు ఉండదు. పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు, గుడ్డ కుట్టినట్టు. కెరటం కొట్టినప్పుడు మేకులు దిగ్గొట్టిన పడవ బద్దలవుతుంది, కుట్టిన పడవ కాస్త లొంగి, కాస్త సాగి బయటపడుతుంది. ఎవరు కనిపెట్టేరో గాని మహా బుద్ధిమంతులు. ఓడలవాళ్ళకి దూరం నుంచి గుర్తు ఆ భీమిలి కొండ. నరసింహస్వామి కొండ అంటాం. భీముడు బకాసురుణ్ణి చంపి స్వామిని ప్రతిష్ఠించేడని, అందుకే ఊరికి భీమునిపట్నమని పేరొచ్చిందని పెద్దలు చెప్పేవారు.

అదే కొండని పావురాళ్ళకొండ అని కూడా అంటారు. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు అక్కడ కాపరం ఉండేవారు. రాతిని తొలిచి పదహారు తొట్లు చేసుకున్నారు, వానాకాలం నీళ్ళు పట్టుకోవడానికి. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఏటి మొగ, అయినా వానచినుకు కోసం రాయి తొలిచేరు. మొగ దగ్గర నీళ్ళు పోటుకి ఉప్పగా అయిపోతాయి కదా, తాగడానికి పనికిరావు. ఆ తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. నా దగ్గర చదువుకున్న ప్రతి క్లాసునీ అక్కడికి నడిపించేను. పాఠం చెప్పడానికి కాదు, ఆ తొట్ల అంచు మీద చెయ్యి పెట్టి చూడమనడానికి.

తరవాత డచ్చివాళ్ళు వచ్చేరు. పదిహేడో శతాబ్దంలో. హాలెండు నుంచి ఇంత దూరం దేనికోసం? బట్ట కోసం. ఈ ఏటి పొడవునా, చుట్టుపక్కల ఊళ్ళలో, నేతగాళ్ళు నేసిన నూలు బట్ట కొని ఓడలకెత్తేవారు. కోట కట్టేరు, గిడ్డంగులు కట్టేరు, చచ్చిపోయినవాళ్ళని ఇక్కడే పాతిపెట్టేరు. ఆ గోరీలు ఇప్పటికీ ఉన్నాయి, రాళ్ళ మీద డచ్చి అక్షరాలతో. ఏటి మొగ ఇసుకలో ఆడుకుని చచ్చిపోయిన పిల్లల గోరీలు కూడా ఉంటాయేమో అని నాకు వెళ్ళినప్పుడల్లా అనిపిస్తుంది. ఎవరి బిడ్డలైతే ఏం? 1825లో డచ్చివాళ్ళు ఊరిని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించేసి వెళ్ళిపోయేరు. 1861లో భీమిలి మునిసిపాలిటీ అయింది, మన ఆంధ్రలో బాగా పాతవాటిలో అదొకటి. ఇప్పుడది విశాఖ కార్పొరేషనులో కలిసిపోయింది.

ఆఁ, ఏదీ, ఎక్కడ? ఆ దీపమా? అది పద్మనాభం కొండ. పైన అనంత పద్మనాభస్వామి, కింద కుంతీమాధవస్వామి. పన్నెండు వందల పైచిలుకు మెట్లు. కార్తీకం చివరి అమావాస్య నాడు మెట్టుమెట్టుకీ దీపం పెడతారు. ఆ రాత్రి ఏటి గట్టు మీద నుంచి చూస్తే కొండ మీద నుంచి వెలుగు కారుతున్నట్టు ఉంటుంది. నేను ఎన్నిసార్లు చూసేనో లెక్కలేదు, అయినా ప్రతి ఏడాదీ కాళ్ళు అటే పోతాయి.

ఆ కొండ కింద 1794 జూలై 10న యుద్ధం జరిగింది. బొబ్బిలి యుద్ధం అందరికీ తెలుసు, బుర్రకథలు చెప్తారు, సినిమా తీసేరు. పద్మనాభం యుద్ధం మన జిల్లాలు దాటితే ఎవరికీ తెలీదు. నాకు అది కష్టంగా ఉంటుంది, అందుకే ప్రతి ఏడాదీ మీకు చెప్తాను.

అప్పుడు విజయనగరానికి రాజు చిన్న విజయరామరాజు. ఈస్టిండియా కంపెనీవాళ్ళు పేష్కషు పెంచుకుంటూ పోయేరు. పేష్కషు అంటే జమీందారు కట్టవలసిన కప్పం. బకాయి పడ్డావన్నారు. జమీను జప్తు చేసేరు. నువ్వు ఈ చుట్టుపక్కల ఉండకూడదు, నెలకింత భత్యం ఇస్తాం, మచిలీపట్నం వెళ్ళి ఉండు అన్నారు. రాజు తన ఊళ్ళో తాను ఉండకూడదన్నమాట. ఆయన మచిలీపట్నం వెళ్ళలేదు. విజయనగరానికీ భీమిలికీ మధ్యనున్న ఈ పద్మనాభానికి వచ్చి, తన మనుషులతో దిగేడు. చావడానికి సిద్ధపడే వచ్చేడని నా నమ్మకం. స్వామి కొండా, పక్కన ఏరూ, పుట్టిన నేలా చూసుకుని వచ్చినట్టే ఉంది గాని, గెలుద్దామని వచ్చినవాడి ఎత్తుగడలా లేదు.

కల్నల్ ప్రెండర్‌గాస్ట్ అనేవాడు కంపెనీ సిపాయిల్ని తీసుకుని వచ్చేడు. ఫిరంగులూ తుపాకులూ ఒక పక్క, కత్తులూ బల్లేలూ ఎక్కువగా ఇంకో పక్క. గంటసేపు కూడా పట్టలేదు. రాజు పడిపోయేడు. ఆయనతో కూడా ముఖ్యమైన రాచవారు చాలామంది పడిపోయేరు, పారిపోకుండా. కంపెనీ వైపు నష్టం కొద్దే. ఆయన కొడుకు నారాయణబాబు పసివాడు. నమ్మకస్తులు ఆ బిడ్డని తీసుకుని మక్కువ వైపు కొండలకి పోయేరు. కొండ జమీందారులు దాపు ఇచ్చేరు. ఆ తరవాత కంపెనీయే రాజీకి వచ్చి, చాలా భాగం కోసేసుకుని, మిగిలింది ఆ పిల్లాడికి ఇచ్చింది. 1802లో శాశ్వత పైసలా వచ్చింది. సర్కారు శిస్తు ఖాయమైపోయింది, రైతు చేతిలో మాత్రం ఏదీ ఖాయం కాలేదు.

జూలై అంటే ఆషాఢం రోజులు. కొండ మీద వానలు పడి ఏటికి ఎర్రనీరు వచ్చే వేళ. ఆ రోజు ఏరు ఎలా ఉందో రాసినవాడు లేడు. కాని ఆ నీళ్ళే ఆ దెబ్బలు తిన్నవాళ్ళు తాగుంటారు.

పడుకున్నావా? లేదా? సరే, అయితే రంగూను సంగతి విను. ఇది మన ఇంటి సంగతి.

మన పక్క నేల మెట్టనేల. వాన తప్పితే గంజి కూడా లేదు. మా నాన్న పెళ్ళయిన రెండో ఏడే భీమిలిలో స్టీమరెక్కి రంగూను వెళ్ళిపోయేడు, రేవులో బియ్యం బస్తాలు మొయ్యడానికి. మన ఉత్తరాంధ్ర వాళ్ళు వేలకి వేలు అలా వెళ్ళేరు. ఈ ఏటి పొడుగునా ఇంటికొకడు రంగూను మనిషి ఉండేవాడని మా అమ్మ చెప్పేది. ఆయన్ని సాగనంపడానికి మా మామ్మ మొగ దాకా నడిచి వెళ్ళిందట. మసూలా పడవ కెరటం మీద లేచి దిగుతూ స్టీమరు దగ్గరకి పోయేదాకా ఆ ఇసుకలో నిలబడే ఉందట.

1942లో జపానువాళ్ళు రంగూను పట్టుకున్నారు. ఓడలు ఆగిపోయేయి. మనవాళ్ళు కాలినడకన బయల్దేరేరు, అరకాను కొండలు దాటుకుని చిట్టగాంగు వైపు. దారిలో కలరా, ఆకలి. ఎంతమంది దారిలోనే ఉండిపోయేరో. మా నాన్న బతికి వచ్చేడు. ఇంటికి వచ్చిన రోజు ఎవరితోనూ మాట్లాడకుండా ముందు ఏట్లో దిగి, మెడదాకా నీళ్ళలో కూచున్నాడట, చీకటి పడేదాకా. రెండేళ్ళకి నేను పుట్టేను.

భీమిలి రేవు కూడా అప్పటికే సన్నగిల్లింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో రైలు వచ్చింది, అది భీమిలి మీదుగా వెళ్ళలేదు, విజయనగరం మీదుగా వెళ్ళింది. 1933లో విశాఖలో పెద్ద హార్బరు తెరిచేరు. ఇక సరుకు ఇక్కడికి ఎందుకొస్తుంది? ఊరు మిగిలింది, దీపస్తంభం మిగిలింది, గోరీలు మిగిలేయి.

నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఏటి తలాపున ఇంకో రైలు మొదలెట్టేరు. కొత్తవలస నుంచి కిరండోలు దాకా. బైలడిల్లా కొండల్లో ఇనుపరాయి తవ్వి, విశాఖ రేవుకి తెచ్చి, జపాను పంపడానికి. జపాను ఉక్కు కంపెనీలతో ఒప్పందం మీదే ఆ లైను పుట్టింది. 1960లలో కట్టేరు. 58 సొరంగాలు తొలిచేరు. మా నాన్నకి ఎవరో చెప్పేరు, ఆ రాయి జపాను వెళ్తుందట అని. ఆయన ఏమీ అనలేదు. తువ్వాలు భుజాన వేసుకుని ఏటికి వెళ్ళి, స్నానం చేసి వచ్చేడు.

ఆ లైను మీదే బొర్రా గుహలు స్టేషను. మన ఏరు అక్కడిదే.

గోస్తనీ అంటే ఆవు పొదుగు. సంస్కృతంలో ద్రాక్షపండుకి కూడా అదే పేరు, ఆకారాన్ని బట్టి. పశ్చిమ గోదావరిలో తణుకు దగ్గర కూడా గోస్తనీ ఉంది, అది వేరు, ఇది వేరు. మన ఏటి కథ ఇది. కొండ మీద ఆవు మేస్తూ మేస్తూ ఒక బొర్రలో పడిపోయిందట. బొర్ర అంటే తొర్ర. కాపరి ఏడుస్తూ దిగి వెతికేడు. లోపల ఆవు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది, దగ్గర్లో శివలింగం ఉంది. స్వామే కాపాడేడన్నారు, గుడి కట్టేరు. లోపల రాతి ఆవు పొదుగు నుంచి కారే నీరే ఏరయిందని పూజ చేస్తారు. సైన్సు మాస్టారిగా నేను చెప్పేది ఇంకోటి. అది సున్నపురాయి. వాననీరు చెట్ల ఆకుల కుళ్ళులోంచి దిగి పుల్లబడుతుంది. ఆ పులుపు సున్నపురాయిని కరిగిస్తుంది. బొట్టు బొట్టుగా కారి, కారిన చోట మళ్ళీ సున్నం పేరుకుని, మర్రి ఊడల్లా పైనుంచి ఒకటీ, పుట్టలా కింది నుంచి ఒకటీ పెరుగుతాయి. వేలిమందం పెరగడానికి మనలాంటి తరాలు చాలా పోతాయి. ఆ గుహల్లో పాత రాతియుగం మనిషి వాడిన రాతి పనిముట్లు దొరికేయి. అంటే ఈ ఏటి నీళ్ళు తాగిన మొదటివాడు రాజూ కాదు, డచ్చివాడూ కాదు.

నాకు రెండు కథల మధ్య తగువు కనబడదు. కాపరి చూసినదీ రాతిలోంచి నీరు రావడమే, నేను చెప్పినదీ అదే.

కొండ దిగుతూ కటికి దగ్గర జలపాతంగా దూకుతుంది. ఆ కొండల రాయికి ఖోండలైటు అని పేరు. ఖోండులు, అక్కడి కొండమనుషులు, వాళ్ళ పేరే భూగర్భ శాస్త్రజ్ఞులు రాయికి పెట్టేరు. ఆ కొండమనుషులకి ఆ రాయి ఎవరిదో తేల్చిన తీర్పు కూడా అక్కడి నుంచే వచ్చింది. బొర్రా చుట్టుపక్కల, అనంతగిరి మండలంలో, గనులు తవ్వుకోమని లీజులిచ్చేరు. సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1997లో తీర్పు వచ్చింది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమైనా సరే, గిరిజనేతరులకీ ప్రైవేటు కంపెనీలకీ గనుల కోసం లీజుకి ఇవ్వకూడదని. దేశంలో ఎక్కడ గిరిజన భూముల గొడవ వచ్చినా సమతా తీర్పు అంటారు. అది మన ఏటి తలాపున పుట్టిన తీర్పు. ఆ తీర్పు లేకపోతే ఆ గెడ్డలన్నీ గుల్లయిపోయేవి. దాని గురించి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఉండాలి. లేదు. అందుకని నేను నల్లబల్ల మీద రాసేవాణ్ణి.

కొండ దిగేక తాటిపూడి. 1963 నుంచి 1968 దాకా కట్టేరు ఆ ఆనకట్ట. గంట్యాడ, శృంగవరపుకోట, జామి వైపు 15 వేల ఎకరాల పైచిలుకు తడుస్తుంది. మిగతాది పైపుల్లో విశాఖ వెళ్తుంది. విశాఖలో కుళాయి విప్పితే వచ్చే నీళ్ళలో మన ఏరు ఉంది. మీ అత్త అక్కడ అపార్టుమెంటులో ఉంటోంది కదా, ఈ నీళ్ళు ఎక్కడివి అని ఆ మెట్ల మీద ఎవరినైనా అడిగి చూడండి. నేను అడిగేను. ఒక్కరు కూడా గోస్తనీ అనలేదు. వాళ్ళ తప్పని అనను, ఎవరూ చెప్పలేదు. కాని తాగే నీటి పేరు తెలియని ఊరు ఆ ఏటి గురించి ఎందుకు ఆలోచిస్తుంది?

ఆనకట్ట వచ్చేక కింద మనకి వేసవిలో ఇసకే. అయినా భయం ఉండేది కాదు. ఇసుకలో మూరెడు లోతు చెలమ తవ్వితే తేట నీరు ఊరేది. చిప్పతో తోడుకుని బిందె నింపుకునేవాళ్ళం. ఎందుకు ఊరేదో చెప్పు చూద్దాం? ఆఁ, అదీ. ఏటి ఇసుకే చెరువు. వానాకాలం నీళ్ళని ఇసుక గింజ గింజకీ మధ్య దాచుకుంటుంది. పైన ఎండిపోయినట్టు ఉంటుంది, లోపల నడుస్తూనే ఉంటుంది. ఊటబావులు పనిచేసేది దాని మీదే. గట్టు మీది నూతులకి నీరొచ్చేదీ దాని వల్లే.

ఆ ఇసుక లారీలెక్కింది. విశాఖ మేడలన్నీ దేంతో లేచేయనుకుంటున్నారు? మొదట బళ్ళు వచ్చేయి, తరవాత ట్రాక్టర్లు, తరవాత రాత్రిళ్ళు లారీలు. మేం కొంతమందిమి కాగితం రాసి, సంతకాలు పెట్టించి, ఒక ఆఫీసులో ఇచ్చేం. కాగితం తీసుకున్నారు. లారీలు కొన్నాళ్ళు ఆగేయి, మళ్ళీ వచ్చేయి. ఇసుక కింద జేగురుమట్టి బయటపడిన చోట ఇప్పుడు తుంగ మొలుస్తోంది. మన పెరటి నుయ్యి వేసవిలో అడుగంటడం అప్పటి నుంచే మొదలైంది. నూతికి రోగం వచ్చిందని మీ మామ్మ శాంతి చేయించింది. రోగం నూతికి కాదు.

మొగ దగ్గర ఇంకో వింత ఉంటుంది. ఏటిలో నీరు తగ్గితే సముద్రం ఇసుక తెచ్చి తలుపు వేసేస్తుంది. అడ్డంగా తిన్నె పడుతుంది, వెనక నీరు మడుగులా నిలుస్తుంది. కొండ మీద గట్టి వాన పడి వరద వస్తే ఆ తిన్నెని కోసుకుని మళ్ళీ తెరుచుకుంటుంది. పోటుకి ఉప్పునీరు లోపలికి, పాటుకి మంచినీరు బయటికి. రొయ్యా, పీతా ఆ రెండు నీళ్ళ మధ్యే పెరుగుతాయి. వరదలు రాకపోతే తలుపు తెరుచుకోదు. తలుపు తెరుచుకోకపోతే వలలవాళ్ళకి వేట లేదు. పైన తాటిపూడి గేట్లకీ, కింద వలకీ సంబంధం ఉందని చాలామందికి తోచదు.

భీమిలికి దక్షిణంగా ఎర్రమట్టి దిబ్బలు చూసేరు కదా, సినిమా పాటలు తీసే చోటు. అదీ ఇలాంటి ఇసుకే. మంచుయుగంలో సముద్రం దూరంగా జరిగినప్పుడు, బయటపడిన ఇసుకని గాలి తెచ్చి పోసింది. అందులో ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వేల ఏళ్ళ పని. వాన కోసిన గాళ్ళలోంచి నడుస్తుంటే గోడల మీద ఏ పొర తరవాత ఏ పొర వచ్చిందో కనిపిస్తుంది. దాన్ని కూడా తవ్వేద్దామని చూసినవాళ్ళున్నారు.

గోదావరి 1,465 కిలోమీటర్లు. పుట్టిన చోటు చూసినవాడు మొగ చూడడు, మొగ చూసినవాడు పుట్టిన చోటు చూడడు. మన గోస్తనీ 120 కిలోమీటర్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక వేసవి సెలవుల్లో, నేనూ ఇంకో మాస్టారూ మొగ దగ్గర బయల్దేరి గట్టు వెంబడే నడిచేం. తగరపువలస, పద్మనాభం, జామి, తాటిపూడి. ఊరూరా ఎవరో ఒకరు మజ్జిగ ఇచ్చేరు, అరుగు మీద పడుకోమన్నారు. కొండ ఎక్కుతుంటే ఒక గిరిజన ముసలావిడ అడ్డాకులో ఉడికిన చిలగడదుంప పెట్టింది. నువ్వు ఏ ఊరు బాబూ అని అడిగింది. ఏటి కింద ఊరు అన్నాను. అయితే మా నీళ్ళు తాగినోడివే అంది. అయిదో రోజు బొర్రాలో దిగి, ఆ కారే నీళ్ళు దోసిట్లో పట్టుకున్నాను. అప్పటికి ఇరవై అయిదేళ్ళుగా తాగుతున్న నీళ్ళు.

అంత నడక మీరు నడవలేరు, నేనూ ఇప్పుడు నడవలేను. కాని ఒక ఏరుని ఈ చివర్నించి ఆ చివర దాకా చూసే అదృష్టం చిన్న ఏటి గట్టున పుట్టినవాళ్ళకే ఉంది. దాన్ని వదులుకోకండి. రేపు భోగి, ఎల్లుండి పండగ. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ముక్కనుమ వెళ్ళేక మీ బడికి ఇంకా రెండు రోజులుంది, నేను చూసేను. మొదటి రోజు భీమిలి మొగ, తొట్లు, గోరీలు. రెండో రోజు బొర్రా. మీ నాన్నలకి చెప్పి ఒప్పించే పూచీ నాది. మామ్మ చేత పులిహోర కట్టిద్దాం. కిరండోలు పాసింజరు పొద్దున్నే విశాఖలో బయల్దేరుతుంది. మనం శృంగవరపుకోటలో ఎక్కుదాం.